మూడు వేల ఇళ్ళకి ఒకటే జవాబు

ప్రతి మంగళవారం పదకొండింటికి ఫోన్ మోగుతుందనగా ఆమె పాపకి పాలు పట్టి, మొహం కడుక్కుని, జడ వేసుకునేది. అవతలివాళ్ళకి కనపడుతుందా అంటే, కనపడదు. అయినా సరే. లారీ డ్రైవరు మొగుడు నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే. వారం మొత్తమ్మీద 'ఎలా ఉన్నావమ్మా' అని అడిగే మనిషి ఆ ఫోన్ చేసే లెక్కలావిడ ఒక్కతే. ఏ ఇంట్లో ఏ ధాన్యం ఎంత తింటున్నారో కనుక్కునే సర్కారు ఆఫీసు నుంచి చేసేది. పది ప్రశ్నలు, పది నిమిషాలు.

ఒకసారి ఆవిడే అంది: "నీ జవాబులు ఎప్పుడూ ఒకటేనమ్మా. ధర పెరిగినా తిండి మారని ఇళ్ళని జాబితాలోంచి తీసేస్తారట."

ఈ ఒక్క ఫోనూ ఆగిపోతే? మళ్ళీ మంగళవారం నోటికొచ్చింది చెప్పేసింది. "బియ్యం ధర మండిపోతోంది మేడమ్. సగం మానేసి గోధుమలకి మారాం. పళ్ళు రాని పాప కూడా లొట్టలేస్తోంది!"

"అలాగా! మీలాంటి ఇళ్ళు మా జాబితాలో తక్కువ, అందుకే నీ ఒక్క ఇల్లు మూడు వేల ఇళ్ళకి లెక్క. ఇదంతా కంప్యూటర్లో వేసి, బియ్యం ఎంత ఇక్కడ ఉంచాలో, ఎంత పైదేశాలకి వదలాలో మా సార్లు సర్కారుకి రాస్తారు."

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. జాబితాలో ఉండిపోయానన్న సంబరమే. అలా మూడు నెలలు గోధుమలు పెంచుకుంటూ పోయింది.

ఒకరోజు పక్కింటి పిన్నిగారు రేషన్ సంచీ గుమ్మంలో దబ్బున పడేసింది. "చూశావుటే! రేషన్ షాపువాడు బియ్యం సగం కోసి గోధుమలు పోశాడు. జనం బియ్యం మానేశారట, మిగిలిందంతా ఓడ ఎక్కించారట. ఏ మహాతల్లి మానేసిందో గానీ, మా అత్తగారికి నోట్లో ఒక్క పన్ను లేదు. ఆవిడ చేత ఏం నమిలించను?"

ఆమె నవ్వబోయి, లెక్కలావిడ చెప్పిన మాట గుర్తొచ్చి ఆగిపోయింది. నా వల్లేనా? నా ఒక్కదాని వల్లేనా? మూడు వేల గుమ్మాలు కళ్ళ ముందు తిరిగాయి.

మంగళవారం ఫోన్ ఎత్తుతూనే చెప్పేసింది. "మేడమ్, మేము గోధుమలు ముట్టనేలేదు. అంతా అబద్ధం. మీరు ఫోన్ చెయ్యడం మానేస్తారేమోనని..."

అవతల గబగబా కాగితాలు తిప్పిన చప్పుడు.

"ఎంత పని చేశావే తల్లీ! ఆ వారాలన్నీ కొట్టేసి పైకి రాస్తాను. బియ్యం మళ్ళీ సర్దేసరికి ఎన్నాళ్ళు పడుతుందో. నీ ఇల్లు మాత్రం తీసెయ్యక తప్పదు."

"తీసెయ్యండి." ఆమె పాపని భుజాన వేసుకుంది. "ఒక్క నిజం జవాబైనా రాసుకోండి మేడమ్."

"ఇంక రాయకూడదమ్మా."

"అయితే వినండి చాలు. ఈ వారం కిలోన్నర బియ్యం. ఆయన లేరుగా, ఒక్కదానికి ఎంతని వండుకోను?"

లెక్కలావిడ ఫోన్ పెట్టెయ్యలేదు. "ఊఁ, చెప్పు," అంది.