పాటకు కలవని పెదవి

బత్తాయిని ఎడమచేత్తో ఎత్తి, కుడిచేతి బొటనవేలితో తొడిమ దగ్గర ఒకసారి నొక్కి, పూలమ్మ దాన్ని పక్కకు దొర్లించింది. గట్టిగా ఉన్నది కుడివైపు కుప్పలోకి, మెత్తబడ్డది ఎడమవైపు గంపలోకి. కాయ వంక చూసే పనిలేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ఆ షెడ్డు కింద గోనెపట్టా పరుచుకుని కూర్చున్న ఇన్నేళ్లలో చేతుల పని చేతులకే వచ్చేసింది. కళ్లు మాత్రం వచ్చేపోయే మనుషుల మీదే ఉంటాయి. ఎవరు కొత్త చీర కట్టారు, ఎవరు పస్తున్నట్టున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ ఆమెకు కావాలి.

పొట్టి మనిషి. పులుపు తగిలి తగిలి వేళ్ల కొసలు పగిలిపోయాయి. ఆ పగుళ్లలో పచ్చటి చార ఎంత తోమినా వదలదు. ముంజేతుల మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు పూలు, చర్మం ముడతలు పడ్డాక, జెర్రుల్లా కనిపిస్తాయి. గొంతు మాత్రం ఆ ఒంటిలోంచి వచ్చేదని ఎవరూ అనుకోరు. ఆమె పిలిస్తే షెడ్డు అవతలి చివర లారీ ఎక్కి ఉన్న హమాలీ కూడా తల తిప్పుతాడు.

ఆ పొద్దున లారీలు తక్కువ వచ్చాయి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బక్కయ్య ఖాళీగా మూటకు ఆనుకుని ఫోన్‌లో పాట పెట్టాడు. బక్కయ్య ఆమె మొగుడు బిక్షమయ్యతో కలిసి బస్తాలు మోసినవాడు. బిక్షమయ్య పోయి చాలా కాలమైనా అతను వదినె అనే వరుస వదల్లేదు, ఆ వరుసకు తగ్గ ఎగతాళీ వదల్లేదు.

"వదినె, నీ పాటొస్తుంది," అన్నాడు, 'నీ' అన్న మాటను సాగదీసి. పక్కనున్న హమాలీలు నవ్వారు. "సిడిల జూసిన. ఆ పోరి సన్నగ, ముద్దుగ ఉన్నది. నువ్వేమో గిట్లుంటివి. గొంతు నీదంటే ఎట్ల నమ్మాలె?"

పూలమ్మ కాయ నొక్కింది, దొర్లించింది. ఎన్నోసార్లు చెప్పి చూసింది. ఒకసారి పాడి కూడా చూపింది. గొంతు ఒకేలా ఉంటే ఉండొచ్చు, లోకంలో ఎందరు లేరు, అన్నారు.

అబద్ధం ఆడే మనిషి కాదు ఆమె. ఆ గొంతు ఆమెదే. క్యాసెట్ల రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో పాటల దుకాణం పెట్టుకున్న సాంబమూర్తి, తూర్పుగోదావరి నుంచి వచ్చిన మనిషి, పళ్లు కొనడానికి వచ్చి ఆమె కూనిరాగం విన్నాడు. గోడలకు స్పాంజి అతికించిన గదిలోకి తీసుకెళ్లి పాడించాడు. క్యాసెట్ అట్ట మీద ఎడ్లబండి బొమ్మ వేశారు. లోపల ఎవరు పాడారన్నది ఎవరికీ పట్టలేదు. అప్పుడామెకూ పట్టలేదు.

తర్వాత సీడీలొచ్చాయి. జనానికి వినడం చాలలేదు, చూడటం కావాల్సి వచ్చింది. పాటకొక మొహం కావాలి, పొలంగట్టు కావాలి, లంగాఓణీ కావాలి. సాంబమూర్తి హయత్‌నగర్ అవతల మొక్కజొన్న చేలో కెమెరా పెట్టించి, అఖిల అనే అమ్మాయి చేత పెదవులు ఆడించాడు. ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద నడుస్తూ పూలమ్మ ఒక దుకాణం టీవీలో ఆ పాట చూసింది. కోచింగ్ పిల్లలు తోసుకుంటూ పోతున్నారు. తన గొంతు ఎవరి నోట్లోంచో వస్తోంది. కోపమైతే రాలేదు. ఒకచోట తను ఊపిరి తీసుకున్న చప్పుడు పాటలో ఉంది. అక్కడ ఆ అమ్మాయి నోరు మూసి నవ్వుతోంది. ఆ ఊపిరి ఎవరిదో తెలియకుండా గాలిలో కలిసిపోయింది. అది మాత్రం ఆమెకు చాలా రోజులు మనసులో గుచ్చుకుంది.

ఈసారి అలా కాదన్నాడు గజేందర్. పెళ్లిళ్ల వీడియోలు తీసే కుర్రాడు, సాంబమూర్తి పాటలకు కెమెరా పట్టేది అతనే. ఆమె కొత్తగా పాడిన ఉద్యమం పాటకు మేకప్ మొహం పెడితే జనం ఒప్పుకోరు, పాడినామెనే చూపించాలని దుకాణదారుతో వాదించి గెలిచాడు. నిన్న వచ్చి చెప్పాడు. అందుకే పూలమ్మ ఇవాళ తలకు నూనె పెట్టుకుంది. పెట్టెలోని ఆకుపచ్చ చీర కట్టుకుని, దానికి బత్తాయి రసం అంటకుండా మీద పాత లుంగీ చుట్టుకుని పనిలో కూర్చుంది. మార్కెట్‌లో ఎవరికీ చెప్పలేదు. పాట వచ్చాక వాళ్లే చూస్తారు. బక్కయ్య చూస్తాడు. ఆమెకు కావలసిందల్లా అదే.

గజేందర్ బండి మీద వచ్చి ఎక్కించుకున్నాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆ రోజు వంటావార్పు. విజయవాడ రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద డేగిశాలు ఎక్కించారు. లారీలు పరిగెత్తే చోట ఆడవాళ్లు చాపలేసుకుని వంకాయలు తరుగుతున్నారు. వకీళ్లు, టీచర్లు కట్టెలు ఎగదోస్తున్నారు. పొగ నిండిపోయి ఫ్లైఓవర్ కనబడటం లేదు.

ఆటోలో స్పీకరు డబ్బా పెట్టుకుని సాంబమూర్తి తానే పాట మీట నొక్కడానికి కూర్చున్నాడు. పక్కన అఖిల ఉంది. కుదరకపోతే ఉంటుందని లంగాఓణీతోనే రమ్మన్నాడట. ఆయన మాటతీరు విని చాప మీది ఒకామె, సారుది ఆంధ్రానా అని గొణిగింది. ఆయన దుకాణంలో పాటలన్నీ మనవేనని పూలమ్మ సర్దిచెప్పింది.

పాట మొదలైంది. పొయ్యి ముందు నిలబడి పెదవులు కదపాలి, అంతే.

"పొయ్యి ముట్టియ్యవే ఓ లచ్చవ్వ,
పొద్దెక్కిపాయెనే మనకు..."

స్పీకరు లచ్చవ్వ అంది. పూలమ్మ నోరు సాయమ్మ అంది. ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డామె పేరు సాయమ్మ. వచ్చీ రాగానే అడిగి తెలుసుకుంది.

సాంబమూర్తి పాట ఆపాడు. మళ్లీ పెట్టాడు. రెండోసారి పూలమ్మ చూపు కట్టెలు తెచ్చే ముసలామె మీదికి పోయింది. నోటికి ఆమె పేరు వచ్చింది. పైగా పాట అక్కడ పరిగెడుతుంటే పూలమ్మ ఆ ముసలామెకు వినబడాలని సాగదీసింది. పెదవి ఒక దారి, పాట ఒక దారి. మళ్లీ ఆపారు. అఖిల పరిగెత్తుకొచ్చి కెమెరా పక్కన నిలబడింది. నా నోరు చూస్తూ అలాగే అను పెద్దమ్మా, అంది. పాట మొదలయ్యాక పూలమ్మ ఆ పిల్ల మొహమే చూసింది. చూసి, "ఓ అఖిలవ్వ" అంది. చాపల మీది ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. గజేందర్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

సాంబమూర్తి ఆటో దిగి వచ్చాడు. కోపం లేదు ఆయన మొహంలో, అలసట ఉంది.

"ఏవమ్మా పూలమ్మా, నువ్వు పాడిన పాటే కదా. అలాగే నోరు కదపడానికి ఏంటి కష్టం?"

"గప్పుడు నా ముంగట ఎవ్వలు లేకుండ్రి సారూ," అంది పూలమ్మ. "కండ్లు మూసుకుంటే మా ఊరి లచ్చవ్వ యాదికొచ్చింది, ఆమె పేరు పెట్టిన. గిప్పుడు గింతమంది ఉన్నరు. గీళ్లను ఇడిసిపెట్టి సచ్చిపోయిన లచ్చవ్వనెట్ల పిలుస్త?"

నాట్లు వేసేటప్పుడు ముందు పాట అందుకునే మనిషి వంగి ఉన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. పేరు రానిదాన్ని పాట తాకదు, ఆమె చేయి వెనకబడుతుంది. అలా నేర్చుకున్న పాట పూలమ్మది. ఆమె ఏ పాటనూ రెండోసారి మొదటిసారిలా పాడి ఎరగదు.

ఇంకొకసారి, ఇంకొకసారి అనుకుంటూ ఎండ నడినెత్తికి వచ్చింది. డేగిశాల్లో అన్నం ఉడుకుతోంది. తినడం మొదలైతే జనం చెదిరిపోతారు. సాంబమూర్తి అఖిలను పొయ్యి ముందు నిలబెట్టమన్నాడు. గజేందర్ నేల చూపులు చూశాడు. పూలమ్మ అఖిల నుదుట బొట్టు చెమటకు కారుతుంటే కొంగుతో తుడిచి, సరిచేసి, పక్కకు తప్పుకుంది. చాప మీద కూర్చుని వంకాయలు ముందుకు లాక్కుంది. ఆకుపచ్చ చీర మీద నీళ్ల మరకలు పడుతున్నా చూసుకోలేదు. బక్కయ్య నవ్వు చెవిలో మోగుతోంది.

అఖిలతో ఒకే దెబ్బకు పని అయిపోయింది. పెదవి ఎక్కడా తప్పలేదు.

అప్పుడు సాయమ్మ అడిగింది, నిజంగా ఆ పాట నువ్వే పాడావా అని. పూలమ్మ తలెత్తలేదు. వంకాయ తరుగుతూనే అందుకుంది. లచ్చవ్వ లేదు, స్పీకరు లేదు. సాయమ్మ పేరు వచ్చింది, కట్టెల ముసలామె పేరు వచ్చింది, నల్లకోటు విప్పి భుజాన వేసుకున్న వకీలు పేరు వచ్చింది, కారంపొడి డబ్బా ఎవరు పారబోశారన్నది కూడా పాటలోకి వచ్చింది. పిలిచిన ప్రతివారూ ఓయ్ అన్నారు. అఖిల లంగా ఎత్తిపట్టుకుని వచ్చి చాప మీద కూలబడి వంత పాడింది. ఎవరో పళ్లెం మీద గరిటెతో తాళం వేశారు. పాట పొయ్యి నుంచి పొయ్యికి పాకింది. ఒకచోట పూలమ్మ ఆగి, గట్టిగా ఊపిరి లాక్కుని, మళ్లీ ఎత్తుకుంది.

గజేందర్ ఎప్పుడు కెమెరా తిప్పాడో ఎవరూ చూడలేదు.

అయిపోయాక కెమెరా పక్కనున్న చిన్న అద్దంలాంటి తెరలో చూపించాడు. అరచేతిలో సగం లేదు అది. అందులో ఆమె నోరు ఆమె గొంతుతోనే కదులుతోంది. ఊపిరి దగ్గర ఛాతీ పైకి లేచింది. పూలమ్మ చాలాసేపు చూసింది. తన మొహం అంత ముడతలు పడిందని ఆమెకు తెలియదు. అయినా బాగానే ఉందనిపించింది.

సాంబమూర్తి కూడా వంగి చూశాడు. మ్యూజిక్ లేదు, గిన్నెల చప్పుడు, దగ్గులు, దీన్ని సీడీలో ఎలా వేస్తామయ్యా, అన్నాడు. అని, మళ్లీ ఒకసారి వేయించుకుని చూశాడు. చూసి ఆటో దగ్గరికి పోయాడు.

"సిడిల వద్దు పెద్దమ్మా," అన్నాడు గజేందర్. "యూట్యూబ్‌ల ఏస్త. పైన నీ పేరు రాస్త. ఎవ్వలైనా సూడొచ్చు."

"బక్కయ్య ఫోన్ల ఒస్తదా బిడ్డా?"

"ఎవ్వల ఫోన్లనైనా ఒస్తది. రెండు రోజులు ఆగు."

అక్కడే కూర్చుని తిన్నది. సాయమ్మ రెండోసారి వడ్డించబోతే కడుపులో మంటగా ఉందని వద్దని, పులిహోర మాత్రం ఒక పొట్లం కట్టించుకుంది. బండి మీద దింపుతానన్నా వినలేదు, నడుచుకుంటూ పోతానంది. బస్సులు లేని రోడ్డు విశాలంగా ఉంది. మార్కెట్ ఉన్న కొత్తపేట దాకా మధ్యలో నడుచుకుంటూ వచ్చింది. రెండుచోట్ల ఆగి రొమ్ము మీద చెయ్యి వేసుకుని రాసుకుంది. ఎండదెబ్బ అనుకుంది.

మార్కెట్‌కు వచ్చేసరికి ఒక లారీ దిగుతోంది. బక్కయ్య దాని మీద ఉన్నాడు. పని మధ్యలో చెప్పే మాట కాదు అది. పూలమ్మ లుంగీ చుట్టుకుని, మూటకు ఆనుకుని, పొద్దున వదిలేసిన కుప్ప ముందు కూర్చుంది. ఒక కాయ తీసుకుంది.

లారీ ఖాళీ అయ్యాక బక్కయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. పొద్దంతా ఎక్కడికి పోయావని అడిగాడు. ఆకుపచ్చ చీర అంచు లుంగీ కిందినుంచి కనబడితే దాని మీదా ఒక మాట విసిరాడు. ఆమె తల ఒక పక్కకు వాలి ఉంది. నిద్రపోయిందనుకుని గొంతు తగ్గించాడు. పడుకోనీయమని పక్కవాళ్లకు సైగ చేశాడు. కాసేపటికి ఆమె చేతిలోని బత్తాయి జారి దొర్లుకుంటూ వచ్చి అతని కాలికి తగిలింది. దాన్ని తిరిగి పెడదామని వంగి, ఆ చేతిని ముట్టుకున్నాడు.

"వదినె," అన్నాడు. మళ్లీ అన్నాడు. తర్వాత అనలేదు.

ఆడవాళ్లు వచ్చారు, పండ్ల సేటు వచ్చాడు, ఎవరో ఆటో కోసం పరిగెత్తారు. బక్కయ్య తన మూట దగ్గర నేల మీద కూలబడ్డాడు. మూట మీద, రోజూ అతను తల ఆన్చుకునే చోట, దినపత్రికలో చుట్టి పురికొసతో కట్టిన పులిహోర పొట్లం ఉంది. నూనె ఊరి కాగితం అక్కడక్కడ పారదర్శకమైంది. లోపలి పసుపు అన్నం లీలగా కనబడుతోంది, అడుగున ఇంకా కాస్త వేడి ఉంది.