అలవాటు లేని తీపి

బేకరీలో కేకుల మీద పంచదార పూలు వేసే ఆమెకు ఇంట్లో ఉన్నది తమ్ముడొక్కడే. చిన్న కొట్టు పెట్టుకుని వాచీలు బాగుచేసేవాడు. వాడికి చిన్నతనంలోనే షుగరు వచ్చింది. అమ్మ పోయాక వాడి సూదులు, తిండి, అలకలు అన్నీ అక్క నెత్తినే పడ్డాయి. పని నుంచి రాగానే ఒంటికి పట్టిన తీపి వాసన వదిలేలా స్నానం చేసిగాని వాడి దగ్గరకు వెళ్లేది కాదు. ఇంట్లోకి పంచదార గింజ రానిచ్చేది కాదు. "నిన్ను చూస్తేనే నాకు షుగరు పెరుగుతుందక్కా" అని వాడు ఏడిపించేవాడు.

ఈ ఏడాది వాడి కిడ్నీలు చెడిపోయాయి. తనది ఇస్తానని అక్క పట్టుబట్టింది. అది పనికిరాదని పరీక్షల్లో తేలింది. డయాలసిస్ చేస్తుంటే గుండె తట్టుకోలేకపోవడంతో అదీ ఆపేశారు. ఆ ఉదయం డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, ఇక పథ్యాలు అక్కర్లేదనీ, ఇంటికి తీసుకెళ్లి నోటికి హితవైనది పెట్టమనీ చెప్పాడు. ఆమె అడిగిందే తిప్పితిప్పి అడిగింది. ఆయన చెప్పిందే మెల్లగా మళ్లీ చెప్పాడు.

ఇంటికొచ్చి వాణ్ని పడుకోబెట్టి, సందు చివరి కొట్టుకు వెళ్లి పంచదార అడిగింది. ఏనాడూ కొనని మనిషి అడిగేసరికి, చుట్టాలొచ్చారా అన్నాడు కొట్టతను. ఆమె తలూపింది.

టీ కాచి రెండు చెంచాలు వేసింది. రోజూ బస్తాలకొద్దీ పంచదార కలిపే మనిషి ఆ రెండు చెంచాలనూ గింజ ఒలకకుండా కొలిచింది.

వాణ్ని దిండుకు ఆనించి కూర్చోబెట్టి కప్పు అందించింది. వాడు ఒక్క గుక్క తాగి ఆగిపోయాడు. కప్పులోకి చూశాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు.

"డాక్టరుగారు ఏమన్నారక్కా?"

పొరపాటున వేశానని చెప్పబోయింది. ఇంట్లో లేని పంచదార పొరపాటున ఎలా పడుతుంది? వాడి కాళ్లమీద దుప్పటి సర్దింది.

"సరేలే" అన్నాడు వాడు. ఇంకో గుక్క తాగబోయి, మింగుడుపడక కప్పు తిరిగి ఇచ్చేశాడు. "మరీ తీపిగా ఉందక్కా. నాకు అలవాటు లేదుగా. ఎప్పటిలా చేసి ఇవ్వవూ?"

ఆమె టీ పారబోసి, కప్పు కడిగి, మళ్లీ పాలు పొయ్యిమీద పెట్టింది. తన కొట్లో ఉండిపోయిన వాచీలు ఎవరెవరివో గదిలోంచి వాడు ఒక్కొక్కటే చెబుతూ, వాళ్లకు తిరిగి ఇచ్చేయమంటున్నాడు.

"అలాగేరా" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. పాలు పొంగి కారిపోతున్నా పొయ్యి ఆపాలని ఆమెకు తోచలేదు.