కాలువగట్టు వాటం

కొత్తగా పరిచిన బాత్రూమ్ నేల మీద చిన్నమేస్త్రీ మగ్గుడు నీళ్ళు కుమ్మరించి, గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. నీళ్ళు ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు కాసేపు నిలబడి, ఆ తర్వాత బుద్ధిగా మూలనున్న జాలీ వైపు నడిచాయి. వాటం కుదిరింది. కన్ను మోసం చేస్తుంది, చదును చూసే రసమట్టం కూడా ఒక్కోసారి కునుకు తీస్తుంది, నీళ్ళు మాత్రం అబద్ధమాడవని అతని అన్న పెద్దమేస్త్రీ మాట.

మిగతా రోజుల్లో అయితే ఆ పారే నీళ్ళను చూస్తూ తీరిగ్గా ఓ బీడీ కాల్చేవాడు. ఇవాళ పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా ఉన్నాడు. రెండు టైల్స్ వంకరగా కోసి పారేశాడు. ఎండ ఇంకా తగ్గకముందే తాపీ కడిగి సంచిలో పడేశాడు.

"అప్పుడే వెళ్ళిపోతున్నావేం మేస్త్రీ?" అంది ఇంటావిడ.

"పరిగెత్తాలమ్మా."

"ఎవరు తరుముతున్నారు?"

"మా అన్న."

ఆవిడ నవ్వింది. అతనూ నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు.

నలభై ఎనిమిదేళ్ళొచ్చినా అందరికీ అతను చిన్నమేస్త్రీయే. నాన్న పోయిన ఏడు అతని చేతికి తాపీ ఇచ్చింది అన్న. తిట్టి, కొట్టి, కడుపు నింపి మనిషిని చేసిందీ అన్నే. ఆ పెద్దమేస్త్రీకి ఓ వింత సరదా ఉండేది. ఆదివారం వస్తే చాలు, చిరిగిన బనీను తగిలించుకుని మైళ్ళకు మైళ్ళు పరిగెత్తేవాడు. వారమంతా మోకాళ్ళ మీద బతికేవాడికి ఈ పరుగులేమిటని వీధి వీధంతా నవ్వింది. "అందుకేరా, ఒక్కరోజన్నా నన్ను నిలబడి బతకనివ్వండి" అనేవాడు.

టైల్స్ కోసిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ఆర్నెల్లుగా ఆ మనిషి మంచానికి అంటుకుపోయాడు. పడుకుని ఊరుకున్నాడా అంటే అదీ లేదు. మనసులోనే ఓ దారి వేసుకున్నాడు. ఇంటి వెనక కాలువగట్టు ఎక్కి పంపుహౌసు దాకా, అక్కడినుంచి వెనక్కి. "నున్నటి చదునురా. మోకాలికి నొప్పుండదు, గుండెకు బరువుండదు. లేచాక అక్కడే మొదలెడతా. ముందు నువ్వోసారి పరిగెత్తి చూసి రా."

చిన్నమేస్త్రీ ఈ ఆదివారమన్నాడు, వచ్చే ఆదివారమన్నాడు. బద్ధకమేమీ కాదు. చూసొచ్చి చెప్పేస్తే అన్నకు ఎదురుచూడ్డానికి ఇంకేం మిగులుతుందని భయం. నిన్న డాక్టరు పక్కకు పిలిచి, పదిరోజులు గడిస్తే గొప్పన్నాడు. ఇంక వాయిదాలకు ఆదివారాలు లేవు.

ఇంటికొచ్చి లుంగీ తీసి నిక్కరు తొడుక్కుంటుంటే, గోడకు ఆనించిన దిండ్ల మీదినుంచి అన్న చూసి కళ్ళతోనే నవ్వాడు.

"పరుగు మొదలెట్టగానే ఎగిరిపడకు. మెల్లగా పో."

"సరే అన్నా."

"గట్టెలా ఉందో నిజం చెప్పాలి. నా మెప్పు కోసం చెప్పకు."

గట్టెక్కి పరుగందుకున్నాడు. ముందు ఆయాసం, తర్వాత డొక్కలో పోటు, ఆ తర్వాత ఏమైందో గాని ఒళ్ళు తేలికైపోయింది. కాళ్ళు వాటంతటవే పడుతున్నాయి. అన్న ఎంత మంచి దారి ఎంచాడు! పంపుహౌసు చేరి, తూము గోడ మీద చతికిలబడి కాలువలోకి చూశాడు. ఓ ఎండుటాకు తీరిగ్గా అతన్ని దాటి ముందుకు పోయింది.

చిన్నమేస్త్రీ నోరు తెరిచాడు. కాలువ పారుతోంది. వాటం లేకుండా కాలువ ఎలా పారుతుంది? గట్టూ దాంతోపాటే వాలకుండా ఎలా ఉంటుంది? జీవితమంతా నేలకు వాటం పెట్టి బతికిన ఇద్దరు మేస్త్రీలకు ఈ ముక్క తట్టలేదు! పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. పంపు దగ్గరి మనిషి పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

వెనక్కి వచ్చేటప్పుడు ఎగువకు పరుగు, మోకాళ్ళు పేరు పెట్టి తిట్టాయి. అయినా ఆగబుద్ధి కాలేదు. ఇది పనికిరాదన్నా, ఇంకోటి వెతకాలి అంటాడు. అన్న ముందు నవ్వుతాడు, తర్వాత ఉక్రోషపడతాడు, రేపటికల్లా ఇంకో దారి వేస్తాడు. దానికోసం ఇంకొన్నాళ్ళు ఎదురుచూస్తాడు. ఆ ఆశతోనే అతను ఆ ఎత్తుకు కాళ్ళీడ్చుకుంటూ పరిగెత్తాడు. అంత సంతోషంగా ఎప్పుడూ ఇంటికి రాలేదు.

వదిన గడప మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"వస్తున్నాడా అని రెండుసార్లు అడిగారు" అంది. "మూడోసారి అడగలేదు."

లోపలికెళ్ళి మంచం పక్కన కూలబడ్డాడు. ఆర్నెల్లుగా అన్న ఆయాసం వినిపిస్తూ వచ్చిన గదిలో ఇప్పుడు అతని రొప్పొక్కటే వినిపిస్తోంది. ఆ చప్పుడుకు సిగ్గేసింది, ఆపుకుందామంటే ఆగలేదు.

"అన్నా, అది చదును కాదన్నా" అన్నాడు. "ఇంకోటి వెతకాలి."

అప్పుడు ఏడ్చాడు.

వదిన వచ్చి భుజం మీద చెయ్యేసింది. "నోరు పిడచకట్టుకుపోయి వస్తాడని, కూర్చోబెట్టించుకుని మరీ పండు ఒలిచారు. నేను ఒలుస్తానంటే ఇవ్వలేదు."

కిటికీ దగ్గర స్టూలు మీద పళ్ళెంలో కమలాతొనలు వరసలు తీరి ఉన్నాయి, తొనకూ తొనకూ మధ్య ఒకే కొలత సందు వదిలి. ఆఖరి వరస సగంలో ఆగింది, మిగతా పండు ఇంకా తొక్కలోనే ఉంది.