ఒక్క ఉదాహరణ

మా అక్కను ఊళ్ళో అందరూ లెక్కల టీచరమ్మ అనే పిలుస్తారు. బడి ఉద్యోగం వదిలి ప్రాంతీయ సభకు ఎన్నికైన తరువాత కూడా ఆ పేరు పోలేదు. ఆమె ప్రతిపక్షంలో, అదీ చివరి వరుసలో కూర్చునే సభ్యురాలు. జిరాక్స్ షాపు మీది గదిలో ఆమె ఆఫీసు చూసుకునేది నేను. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, ఫోన్లు తీయడం, అక్క అన్నం తినడం మరిచిపోతే కేకలేయడం నా పనులు.

మా ప్రాంతానికి సొంత సభ కావాలని ఒకప్పుడు అక్క కూడా ఊరేగింపుల్లో నడిచింది, గొంతు పోయేదాకా అరిచింది. ఎక్కడో రాజధానిలో కూర్చున్నవాళ్ళు మన ఆసుపత్రుల సంగతి తేల్చడమేమిటన్నది అప్పటి కోపం. సభ వచ్చింది. వైద్యం, బడులు, రోడ్లు, నీళ్ళు మన చేతికి వచ్చాయి. కొన్నేళ్ళు గడిచాక ఆ మన ప్రభుత్వమే మా ఊరి అంబులెన్సునూ, ఏటి అవతలి ఊరి అంబులెన్సునూ కలిపేసింది. రెండు ఊళ్ళకూ కలిపి ఒకే బండి మిగిలింది. దానికి సేవల క్రమబద్ధీకరణ అని పేరు పెట్టారు.

ఆ బండి నడిపే డ్రైవరుది మా వీధే. అతని భార్య ఇంట్లో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆమెకు ఉబ్బసం. ఒక మధ్యాహ్నం అది ముదిరి ఊపిరి అందక పడిపోయింది. బడి నుంచి వచ్చిన కూతురు అంబులెన్సుకు ఫోన్ చేసింది. అప్పటికే ఆ పిల్ల తండ్రి ఆ బండిలో గుండెపోటు వచ్చిన ఒక పెద్దాయనను పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాడు. చివరికి పక్కింటివాళ్ళు తల్లిని తమ కారులో పడుకోబెట్టుకుని బయల్దేరారు. దారిలోనే పోయింది. అక్కడ పెద్దాయన బతికాడు.

ఇది మా పక్ష నాయకుడి చెవిన పడింది. అక్క అంబులెన్సుల మీద ప్రశ్న వేయబోతోందని ఆయనకు తెలుసు. "డ్రైవరు భార్యే పోయిందంటే ఇంతకన్నా ఏం కావాలి? ఆవిడ ఫొటో పట్టుకుని లేవండి. మంత్రి నోరు మూతపడాలి" అన్నాడు ఫోన్లో. అక్క సరేననలేదు, కాదనలేదు.

సభకు బయల్దేరే ముందురోజు డ్రైవరు ఆఫీసుకు వచ్చాడు. యూనిఫారం చొక్కా మీద మామూలు స్వెట్టరు తొడుక్కున్నాడు, ఎవరికంటా పడకూడదని కాబోలు. నేను కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"టీచరమ్మా, రేపు సభలో మా ఇంటి సంగతి ఎత్తుతారంట గదా. ఎత్తొద్దు."

"నీ ఉద్యోగానికి ఏమన్నా అవుతుందనా తమ్ముడూ? దానికి నేను అడ్డం నిలబడతాను."

"ఉద్యోగం పోతే ఇంకో స్టీరింగు దొరుకుతుందమ్మా. అది కాదు." కాసేపు కిటికీ వైపు చూశాడు. "ఆ పెద్దాయన ఉన్నాడే, వాచీలు బాగుచేస్తాడు, మార్కెట్టు మూల మీద. ఆయనకి ఏమీ తెలీదు. స్పృహ లేదప్పుడు. మీరు సభలో చెప్పారనుకోండి, ఆ రోజు బండిలో ఉన్నదెవరా అని ఊరంతా ఆరా తీస్తుంది. ఆయన బతికినందుకు మా ఆవిడ పోయిందంటారు. ఆ వయసులో ఆయన ఆ మాట ఎలా మోస్తాడు?"

అక్క ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టింది.

"కంట్రోల్ రూమ్ వాళ్ళు వైర్‌లెస్‌లో మా ఇంటి అడ్రసే చదివారమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి. "పేషంటు ఉన్నారు, రాలేనని నేనే చెప్పాను. బండి తిప్పలేదు. తిప్పకూడదు కూడా. కానీ ఆ మాట నా నోటితోనే అన్నాను."

అక్క లేచి అతని దగ్గరికి వెళ్ళింది. "చెప్పను తమ్ముడూ. మాట ఇస్తున్నాను" అంది.

మరునాడు నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. కింద సభ్యులు కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు, ఒకాయన హాయిగా కునుకు తీస్తున్నాడు. ఆరోగ్య మంత్రి రాజకీయాల్లోకి రాకముందు డాక్టరు. మెత్తగా మాట్లాడతాడు, ఎవరినీ నొప్పించడు. అక్క ప్రశ్నకు కాగితం చూడకుండానే జవాబిచ్చాడు.

"అధ్యక్షా, రెండు అంబులెన్సు స్టేషన్లను కలపడం వల్ల ఏ ఒక్కరి ప్రాణానికీ ముప్పు రాలేదు. గౌరవ సభ్యురాలి ఆందోళన నాకు అర్థమైంది. కానీ ఊహలతో భయపెట్టడం వద్దు. ఒక్కటంటే ఒక్క ఉదాహరణ చూపించమనండి."

అక్క లేచి నిలబడింది. మైకు ఎర్ర దీపం వెలిగింది. ముందు వరుస నుంచి మా నాయకుడు వెనక్కి తిరిగి, చెప్పండి, చెప్పండి అన్నట్టు చెయ్యి ఊపాడు. అక్క పెదవి కదిలింది గానీ మాట రాలేదు. కునుకు తీస్తున్నాయన కూడా కళ్ళు తెరిచాడు.

"ఉంది అధ్యక్షా" అంది చివరికి. "చెప్పనని మాట ఇచ్చాను. అందుకే చెప్పలేను."

అధికార పక్షం వాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. బల్లలు చరిచారు. "కల్లో వచ్చిందేమో!" అని ఎవరో అరిచారు. సభాపతి గంట కొట్టి నిశ్శబ్దం తెప్పించాడు.

"మంత్రిగారు డాక్టరు. ఆయన్ని ఒక్కటే అడుగుతాను" అంది అక్క. "ఒకేసారి రెండిళ్ళలో ఇద్దరికి ఊపిరి ఆడకపోతే, ఉన్న ఒక్క బండి ఏ ఇంటికి వెళ్ళాలి? అది తేల్చాల్సింది డ్రైవరా, మీరా?"

మంత్రి మొహంలో నవ్వు కాస్త సడలింది. కేంద్రం నుంచి రావలసిన నిధులు రావడం లేదని మొదలుపెట్టాడు.

"ఆసుపత్రి తాళాలు మన చేతికి రావాలని మీరూ నేనూ ఒకే ఊరేగింపులో నడిచాం సార్. ఇప్పుడు తలుపు తెరవమంటే తాళం పైవాళ్ళ దగ్గరుందంటారేం?" అంటుండగానే సమయం అయిపోయిందని మైకు ఆపేశారు.

బయట వరండాలో మా నాయకుడు అక్క మీద విరుచుకుపడ్డాడు. "నోటిదాకా వచ్చింది మింగేస్తారా? మీ మంచితనంతో పార్టీ పరువు పోయింది." ఆ సాయంత్రం టీవీలో ఉందట, చెప్పదట అని ఒకటే వెటకారం. కూరగాయల కొట్టు దగ్గర నన్ను చూసి కూడా ఇద్దరు ముసిముసిగా నవ్వుకున్నారు. ఇంటికొచ్చాక అక్క గిన్నెలు కడుగుతూ, "నేను చేసింది తప్పేమోనే. రేపు ఇంకో ఇంట్లో ఎవరన్నా పోతే నా మాట నిలబడి ఏం లాభం?" అంది. నేను పక్కన నిలబడి కడిగిన గిన్నెలు తుడిచాను.

వారం తిరక్కుండా వాచీలు బాగుచేసే పెద్దాయన మా ఆఫీసు మెట్లెక్కాడు. రెండు మెట్లకోసారి ఆగి ఆయాసపడుతున్నాడు. నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

"అమ్మా" అన్నాడు అక్కతో, "నువ్వు సభలో చెప్పనిది నా గురించే కదా?"

అక్క తడబడింది. "మీ గురించి ఎందుకనుకుంటున్నారు?"

"నాకు స్పృహ లేదనుకున్నారు వాళ్ళు. కళ్ళు తెరవలేకపోయాను గానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. వైర్‌లెస్‌లో అడ్రసు వినపడింది. పేషంటు ఉన్నారు, రాలేను అన్నాడు ఆ అబ్బాయి. అన్నాక ఇంకో మాట లేదు. బండి మాత్రం ఎక్కడా ఆగలేదు. ఎవరిల్లో అప్పుడు తెలీలేదు. ఇంటికొచ్చాక తెలిసింది." చేతిరుమాలుతో కళ్ళద్దాలు తుడిచాడు, పెట్టుకోలేదు. "అతని గుమ్మం దాకా పోయాను. తలుపు కొట్టే ధైర్యం లేక తిరిగొచ్చేశాను. వాళ్ళు నిన్ను చూసి నవ్వుతుంటే ఇక ఉండబట్టలేదు. ఉదాహరణ కావాలన్నారుగా? నన్ను చూపించు."

"మీరు ఒప్పుకుంటే చాలదు బాబాయ్. అతను కూడా ఒప్పుకోవాలి" అంది అక్క.

ముగ్గురం కలిసే వెళ్ళాం. డ్రైవరు తలుపు తీసి, పెద్దాయనను చూసి అలాగే నిలబడిపోయాడు. లోపల కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. కూతురు గదిలో చదువుకుంటోంది.

"నాకు అంతా వినపడింది నాయనా" అన్నాడు పెద్దాయన.

డ్రైవరు కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అతని భుజాలు కదులుతుంటే పెద్దాయన దగ్గరికి వెళ్ళబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో ఆగిపోయాడు.

"నా మీద కోపం ఉందా?"

"లేదనుకుంటా" అన్నాడు డ్రైవరు మొహం ఎత్తి. "ఒక్కోసారి వస్తుంది. మీ కొట్టు ముందు నుంచి పోతుంటే వస్తుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

"రానీ. నా మీదే రానీ. నీ మీద నువ్వు మాత్రం తెచ్చుకోకు."

గది గుమ్మంలోకి కూతురు వచ్చి నిలబడింది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. "నాన్నా, తాతగారిని చెప్పనివ్వు" అంది. డ్రైవరు ఆ పిల్ల వైపు చూసి తల ఊపాడు.

అక్క అడిగితే సభవాళ్ళ ఆరోగ్య కమిటీ పెద్దాయనను పిలిచింది. ఆయన మాట్లాడిన రోజు మంత్రి కూడా వచ్చాడు. పెద్దాయన గొంతులో కోపమేదీ లేదు. "నా ప్రాణం ఒకరి ఇల్లాలి ప్రాణంతో పోటీ పడింది బాబూ. ఆ పోటీ మేమిద్దరం పెట్టుకున్నది కాదు. మీరు పెట్టారు" అని ఊరుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. మంత్రి చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు. తరువాత లేచి వచ్చి పెద్దాయన పక్కన కూర్చుని, "పొరపాటు నాదే" అన్నాడు. మెల్లగా అన్నా, మైకు ఆన్‌లో ఉండడంతో గదంతా వినపడింది.

మా ఊరికి మళ్ళీ బండి వచ్చింది. రిబ్బను కత్తిరించిన రోజు అక్కను పిలవలేదు. ఆమె ఆ రోజు కొండ కింద ఊళ్ళో ఉంది. అక్కడ కూడా రెండు స్టేషన్లను కలిపేశారు. దాని మీద ఆమె వేసిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. మా నాయకుడు ఇప్పుడు ప్రతి మీటింగులో అక్క మాట నిలబెట్టుకోవడం గురించి గొప్పగా చెప్తాడు, తానే సలహా ఇచ్చినట్టు.

డ్రైవరు కొత్త బండి మీదే పనిచేస్తున్నాడు. అతనికి సెలవున్న రోజు పెద్దాయన నడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్తాడు. డ్రైవరు కొన్నిసార్లు తలుపు తీస్తాడు. అప్పుడు ఇద్దరూ వరండాలో కూర్చుంటారు, పెద్దగా మాటలేమీ ఉండవు. కొన్నిసార్లు తీయడు. పెద్దాయన కాసేపు నిలబడి వెనక్కి వచ్చేస్తాడు. పైవారం మళ్ళీ వెళ్తాడు.