క్యాన్సిల్ పెట్టె

మిక్సర్ గడగడల్లో ఇంజనీరు దొర అన్నదాంట్లో ఇస్తారి చెవిన పడ్డవి రెండే మాటలు: "లచ్చన్న... క్యాన్సిల్." పొద్దుగూకేసరికి ఆ రెండూ ఆ ఎడారి దేశంలో రుస్తాఖ్ సైట్ పక్కనున్న కూలీల రూమంతా తిరిగాయి. ఆ రూములో క్యాన్సిల్‌కు ఒకటే అర్థం: వీసా కొట్టేసి మనిషిని విమానం ఎక్కించడం.

లచ్చన్న తన రేకుపెట్టె మీద కూలబడ్డాడు. ఏడాది తట్టతో సిమెంటు మాలు మోసి, మొన్ననే మేస్త్రీగా తాపీ పట్టినవాడు. ఇంటికి పోతే మళ్లీ తట్టే. తట్టనైనా తట్టుకుంటాడు గాని, ఊళ్లో నలుగురూ అనేది తట్టుకోలేడు.

క్యాన్సిలైనవాడి పెట్టెలో తలా ఒక సామాను పెట్టి తమ ఇళ్లకు పంపడం ఆ రూము రివాజు. దేవయ్య చీరతో వచ్చాడు.

"పెట్టె తియ్యే లచ్చన్నా. మా శాంతవ్వకు ఇయ్యాలె."

"తియ్య. తీస్తే పోయినట్టే."

"మీద కూసుంటె ఆగుతదా?"

అజ్మత్ సబ్బులు తెచ్చాడు. లచ్చన్న కదల్లేదు. కంచంలో అన్నం చల్లారింది. చివరికి ఇస్తారి కళ్లద్దాలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"మా కమలవ్వకు. పోస్టుల పగుల్తయని ఉంచిన. పోయెటోడే దొరుకుతలేడు."

లచ్చన్న ఆ అద్దాల వంక చూశాడు. లేచి తాళం తీశాడు.

తెల్లారి నిండిన పెట్టె నెత్తిన పెట్టుకుని, ఆఫీసు ముందు నిలబడ్డాడు. వెనక రూమంతా ఉంది. దొర బిత్తరపోయి, తర్జుమాకు స్టోర్‌కీపర్ బాబు మియాను పిలిచాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. బాబు మియా నవ్వాపుకుంటూ బిల్డింగు నక్షా పైకెత్తాడు. ఒక గోడ మీద ఎర్ర పెన్సిలుతో అడ్డం నిలువు గీతలు.

"అరే భాయ్, మనిషి కాదు, లచ్చన్న కట్టాల్సిన గోడ. దొర 'లచ్చన్న వాల్ క్యాన్సిల్' అన్నడంట. నడిమి వాల్‌ను మిక్సర్ మింగింది. లాటిన్ భాషల జాలీ తడికెకున్న మాటకెల్లి ఈ క్యాన్సిల్ పుట్టిందంట. పాతకాలంల రాసినదాని మీద గిట్ల జాలీ గీతలు గీసి కొట్టేస్తుండ్రి. తర్వాత గీతలు పోయినయ్, కొట్టేసుడు మిగిలింది. మనకాడికొచ్చి మనుషుల్నే కొట్టేసుడైంది."

"జాలీల పుట్టి, జాలి లేకపాయె," అన్నాడు దేవయ్య.

"ఇంకోటి. ఆ గోడ జాగల గాలికి సిమెంటు జాలీ రావాలె. లచ్చన్నే కట్టాలంట."

లచ్చన్న పెట్టె దించి, మూత తీశాడు. దేవయ్య చీర, అజ్మత్ సబ్బులు మెల్లగా బయటికొచ్చాయి. తప్పు విన్న ఇస్తారి మాత్రం అటు చూడలేదు, పెట్టె దగ్గరికి రాలేదు. లచ్చన్న అద్దాలను తన అంగీలో చుట్టి, పెట్టెకు మళ్లీ తాళం వేశాడు.

"లీవు నేను ముందుగాల అడుగుత, కమలవ్వకు నేనే ఇస్త," అన్నాడు ఇస్తారితో. "పోయి మాలు కలుపు."