మణికట్టు మీద చుక్క

నాలుగో మెట్టు దగ్గర ఒకసారి, పదకొండో మెట్టు దగ్గర ఇంకోసారి ఆగి, సువార్తమ్మ మేడ మీదికి చేరేసరికి ఆరు కావడానికి ఐదు నిమిషాలుంది. మెట్ల మీద ఆగడం ఆవిడకి ఈ వారం నుంచే అలవాటైంది. ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టుంటోంది. దిండు సరిగ్గా లేక అనుకుని ఆ సంగతి అక్కడితో వదిలేసింది. రోగాల్ని ఆవిడ పట్టించుకునేది పక్కవాళ్ళకి వచ్చినప్పుడే.

తలుపు తీయగానే గదిలోని చిలుకలన్నీ ఒక్కసారి గొంతులు విప్పాయి.

"వచ్చానర్రా, వచ్చాను. బ్రిడ్జి మీద రైలు నయం మీకన్నా" అంటూ చెప్పులు గుమ్మం బయటే విడిచింది.

కొవ్వూరులో గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల, వీరబాబు ఇంటి మేడ మీది గది అది. వీరబాబు తాత తండ్రులు గోదాట్లో వలలేసి బతికారు. అతను కింద ఐసుపెట్టెల్లో చేపలూ, పైన గూళ్ళల్లో చిలుకలూ పెట్టుకుని రెండు పడవల మీదా కాళ్ళేసి, ఇంతవరకూ పడకుండానే నెట్టుకొస్తున్నాడు. మన రామచిలుకల్ని పంజరంలో పెడితే కేసవుతుంది. ఇవి పరాయిదేశపు జాతులు, తరాల తరబడి పంజరాల్లోనే పుడుతున్నవి. ఎక్కువగా కాకటీలు. బూడిదరంగు ఒళ్ళు, నెత్తిన నిక్కిన జుట్టు, చెంపల మీద ఎవరో బొట్టు పెట్టి సగం తుడిచేసినట్టు నారింజ చుక్కలు.

సువార్తమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు రుద్దింది. పొట్టి వేళ్ళు, ఉబ్బిన కణుపులు, మొదలంటా కత్తిరించిన గోళ్ళు. ఎవరూ రెండోసారి చూసే చేతులు కావవి. కానీ రాజమండ్రిలో ఒక మిషన్ ఆస్పత్రి పురిటివార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి ఆ చేతులతోనే పాలు పట్టింది ఆవిడ. అరచేతిలో ఇమిడిపోయే బిడ్డలు. వాళ్ళలో ఎందరు బతికారో ఆవిడ ఎప్పుడూ లెక్క చెప్పలేదు, అడిగినవాళ్ళూ లేరు. రిటైరై నది ఇవతలికొచ్చి, చర్చి వీధిలో ఒంటిగది అద్దెకి తీసుకున్న ఆర్నెల్లకి వీరబాబు కబురు పెట్టాడు, చిన్న పిల్లలకి మేత పట్టడం తెలుసా అని. చిలక పిల్లలని తెలియక "ఎన్ని నెలల పిల్లలండీ?" అని అడిగిందట. ఆ మాట చెప్పుకుని వీరబాబు ఇప్పటికీ నవ్వుతాడు.

గోడకి మేకు. మేకుకి ఒక స్టీలు చెంచా. ఆస్పత్రిలో మందు పోసే చెంచా అది. ఒకప్పుడు ఏడో నెలలో పుట్టిన బిడ్డ నోట్లో ఏ చెంచా పట్టక సువార్తమ్మ అవస్థ పడుతుంటే, రైల్వే గ్యాంగులో పనిచేసే ఆవిడ భర్త ఐజాక్, పటకారుతో దాని అంచులు రెండూ పైకి వంచి ఉగ్గుగిన్నె ముక్కులా చేసిచ్చాడు. వేలాడదీసుకోవడానికి కాడకి ఒక కంత కూడా పెట్టాడు. ఐజాక్ పోయి పద్నాలుగేళ్ళు. రిటైరైన రోజున ఆస్పత్రివాళ్ళు శాలువా కప్పి, ఏం కావాలమ్మా అని అడిగితే ఆవిడ ఈ చెంచా అడిగింది.

"మనుషుల పిల్లల నోట్లో పెట్టిన దాంతో పక్షులకేంటండీ?" అని వీరబాబు భార్య ఉషారాణి మొదట్లో ఎబ్బెట్టుగా అడిగింది.

"నోరు నోరేనమ్మా" అంది సువార్తమ్మ.

మేత పొడిని వేడినీళ్ళల్లో కలిపి, ఉండ కట్టకుండా తిప్పింది. చెంచాతో తీసి ఎడమ మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంది. కాసేపు ఆగింది. ఇంకో చుక్క. అప్పుడు పిల్లల్ని బల్బు వేడిలో ఉంచే వెచ్చపెట్టె మూత తీసింది. ఆరు పిల్లలు, మూడు వారాలవి. మనుషులకి మాలిమి కావాలని రెండు వారాలకే తల్లి గూటి నుంచి తీసి చేతి మేతకి పెట్టినవి. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈ పిల్లల్ని మొదటి వారంలో చూస్తే కన్నతల్లికైనా ముద్దొస్తాయా అని అనుమానం వస్తుంది. ఇప్పుడు నయం. ఈకలు పుల్లల్లా పొడుచుకొచ్చి, ఒక్కొక్కటీ చిన్న ముళ్ళపొదలా ఉంది. చెంచా ముక్కుకి తగలగానే పిల్ల తల ఊపుతూ మింగుతుంది. గొంతు కింది సంచి నిండి బుడగలా తేలగానే ఆవిడ ఆపేస్తుంది. ఇంకా అడిగినా పెట్టదు. మేతకీ మేతకీ మధ్య ముక్కు అంచుల్ని తడిగుడ్డతో తుడుస్తూ, మాటల్లేని ఏదో కీర్తన రాగం ముక్కులోనే తీస్తుంది.

ఆరోదాన్ని చివరికి ఉంచింది. అది పెట్టెలోనే ఉంది గానీ మిగతావాటితో లేదు. ఒక పాత టీ కప్పులో మెత్తటి గుడ్డ మధ్య, కాళ్ళు ఒంటి కిందికి వచ్చేలా కూర్చుని ఉంది. రెండు కాళ్ళకీ తెల్ల ప్లాస్టరు పట్టీ, మధ్యలో చిన్న వంతెనలా.

దాని తప్పేమీ లేదు. తప్పు సువార్తమ్మది. గుడ్లు పగిలే వారమంతా ముసురు. కోతమిల్లులో రంపపుపొట్టు తడిసి ముద్దయింది. తడిపొట్టు వేస్తే బూజు పడుతుందని, గూటిపెట్టెలో దినపత్రిక మడిచి పరిచింది. నున్నటి కాగితం మీద పిల్ల కాళ్ళకి పట్టు దొరకదు. మిగతా ఐదూ ఒకదాన్నొకటి ఆనుకుని ఎలాగో నిలదొక్కుకున్నాయి. కడపటిది, అన్నిటికన్నా చిన్నది, గూట్లోంచి తీసేనాటికి కాళ్ళు చెరోవైపుకీ జారిపోయి, నేలమీద ఒలికిన పిండిలా పడి ఉంది. అలా వదిలేస్తే ఆ కాళ్ళు అలాగే గట్టిపడతాయి. కొమ్మ పట్టలేని పక్షి పొట్ట మీద పాకుతూ, పుళ్ళు పడి పోతుంది.

"పోనీలెండి సువార్తమ్మగారూ. ఆరింట్లో ఒకటి" అన్నాడు వీరబాబు. అతను చెడ్డవాడు కాదు, వ్యాపారస్తుడు.

"దానంతటది పోయేదైతే పోనిద్దును బాబుగారూ. ఇది నేను పాడుచేసిందండి" అంది ఆవిడ. కాగితం సంగతి తనే చెప్పింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అదే రోజు మధ్యాహ్నం రెండింటి మేత వేళకి కాళ్ళు దగ్గరికి తెచ్చి పట్టీ వేసింది. ఏడు రోజులు ఉంచాలి. ఈ రోజు రెండింటికి ఏడూ నిండుతాయి.

ఏడున్నరకి ఉషారాణి టీ తెచ్చింది. గుమ్మం దాటి ఒక అడుగు లోపలికొచ్చి అక్కడే నిలబడింది. మార్చి నుంచీ ఆమె ఆ అడుగు దాటడం లేదు. మార్చిలో, సువార్తమ్మ ఉప్పాడలో ఉన్న మేనకోడలు తబిత ఇంట్లో పెళ్ళికి వెళ్ళిన ఒక్క రోజు, ఉషారాణి తనే పిల్లలకి మేత పట్టింది. వేడి అరచేతిలో చూసుకుంది. రెండు పిల్లలు గొంతు కింది సంచి కాలిపోయి మర్నాటికి చచ్చిపోయాయి. సువార్తమ్మ తిరిగొచ్చి ఒక్క మాట అనలేదు. రెండింటినీ మల్లెకుండీలో పాతిపెట్టి, చేతులు కడుక్కుని, చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"అరచెయ్యి గరిటెలు పట్టి పట్టి మొద్దుబారిపోతాదమ్మా. దానికి వేడి తెలీదు. ఇక్కడ చూడాలి, ఈ నరం మీద. చల్లగా తగలకూడదు, సుర్రుమనకూడదు. గోరువెచ్చకన్నా ఒక్క పిసరు ఎక్కువ."

ఉషారాణి తల ఊపింది గానీ, మళ్ళీ చెంచా ముట్టుకోలేదు.

పదింటి మేతకి ఉషారాణి మళ్ళీ పైకొచ్చింది. కుంటిపిల్ల సంగతి తేలేది ఈవాళేనని ఆమెకి తెలుసు. పైకి చెప్పుకోదు గానీ, వారం రోజులుగా ఆమె మనసంతా ఆ టీ కప్పు చుట్టూనే తిరుగుతోంది.

"ఎలాగూ చేతిలోనే ఉందిగా, ఇప్పుడే విప్పేయండి. నాలుగు గంటల్లో ఏం తేడా వస్తుంది?"

"రెండింటికి కట్టానమ్మా. ఏడు రోజులంటే ఏడు రోజులే. మేతకి ముందు, సంచి ఖాళీగా ఉన్నప్పుడు విప్పాలి. నిండాక పట్టుకుంటే పెనుగులాడి, తిన్నది పైకొచ్చి ఊపిరాడదు."

"నిలబడుతుందంటారా?"

సువార్తమ్మ పిల్ల ముక్కు తుడిచి కప్పులో కూర్చోబెట్టింది. "నాకూ భయంగానే ఉందమ్మా" అంది. ఆవిడ నోట ఆ మాట వినడం ఉషారాణికి అదే మొదటిసారి. "రెండింటికి మీరూ రండి. నేను పట్టుకుంటాను, మీరు విప్పుదురుగాని."

"అమ్మో, నేనా! నా చెయ్యి మంచిది కాదండి."

"మీ చేతికేమైంది? తప్పు చెయ్యని చెయ్యంటే పని చెయ్యని చెయ్యేనమ్మా. నాది మంచిదైతే దాని కాళ్ళకి కట్టెందుకు?"

ఉషారాణి నవ్వేసి కిందికి వెళ్ళిపోయింది.

సువార్తమ్మ గూళ్ళన్నీ తిరిగింది. నీళ్ళ గిన్నెలు కడిగి ఎండలో బోర్లించింది. నానబెట్టిన శనగలు పంచింది. కొత్తగా గుడ్లు పెట్టిన జంట గూటిపెట్టెలో ఆరిన రంపపుపొట్టు రెండు గుప్పెళ్ళు వేసి, వేళ్ళతో సర్దింది, ఇంకో గుప్పెడు వేసింది. పన్నెండున్నరకి టిఫిన్ డబ్బా తీసి పెరుగన్నం, చింతకాయ పచ్చడితో సగం తిని మూత పెట్టింది. కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అక్కడ కూర్చుంటే ఇళ్ళ కప్పుల మధ్య నుంచి గోదావరి ముక్కొకటి కనిపిస్తుంది. టీ కప్పుని కిటికీ అరుగు మీద, తన చెయ్యి అందేంత దూరంలో పెట్టుకుంది. పిల్ల కళ్ళు మూసుకుంది. ఆవిడ కూడా తల గోడకి ఆన్చి కళ్ళు మూసుకుంది. బ్రిడ్జి మీద రైలు వెళ్ళింది.

రెండుంబావు అవుతుండగా, కింద మంచం మీద నడుం వాల్చిన ఉషారాణికి పిల్లల అరుపులు వినిపించాయి. మేత వేళకి అవి అరవడం మామూలే. సువార్తమ్మ ఉండగా ఆ అరుపు రెండు నిమిషాలు దాటి వినబడేది కాదు. ఐదు నిమిషాలైనా ఆగలేదు. ఉషారాణి లేచి కూర్చుంది. చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కింది.

"సువార్తమ్మగారూ."

ఆవిడ కుర్చీలోనే ఉంది. నిద్రపోతున్న మనిషిలాగే ఉంది. ఒక చెయ్యి ఒళ్ళో, ఒక చెయ్యి కిటికీ అరుగు మీద. "సువార్తమ్మగారూ" అని రెండోసారి పిలిచి, ఆ చెయ్యి పట్టుకుంది ఉషారాణి. చల్లగా తగిలింది. మణికట్టు లోపలివైపు, పదింటి మేత చుక్క ఎండి పొరకట్టి ఉంది.

ఉషారాణి కేకకి వీరబాబు పరిగెత్తుకొచ్చాడు. వీధి చివరి డాక్టరుగారు వచ్చి నాడి చూసి, ప్రాణం పోయి గంట పైనే అయిందన్నారు. నలుగురూ కలిసి ఆవిడని కుర్చీతోనే ఎత్తి, మెట్ల మీద జాగ్రత్తగా దించారు. పాస్టరుగారికి చెప్పాలి, ఉప్పాడలో తబితకి ఫోన్ చెయ్యాలి. వీరబాబు సగం మెట్ల మీద ఆగి వెనక్కి చూశాడు.

"ఉషా, రావేంటి?"

"మీరు పదండి. వీటికి పెట్టేసి వస్తాను. వేళ దాటితే ఆవిడకి నచ్చదు" అంది. అంటుంటేనే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చేతులు మోచేతుల దాకా మూడుసార్లు కడిగింది.

జావ కలిపింది. మేకు నుంచి చెంచా తీసి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంది. సుర్రుమంది. గిన్నె పక్కన పెట్టింది. అది ఆరేలోపు చేయాల్సిన పని ఒకటుందని ఆమెకి తెలుసు. గరుకు తువ్వాలు పరిచి, కప్పులోంచి పిల్లని తీసింది. అరచేతిలో దాని గుండె దడదడా కొట్టుకుంటోంది. చిన్న కత్తెరతో పట్టీ వంతెన కత్తిరించి, నూనె రాసి, కాళ్ళ చుట్టూ అంటుకున్న ప్లాస్టరుని ఒక్కో పోగూ ఊడదీసింది. తువ్వాలు మీద వదిలింది.

పిల్ల ముందుకి తూలి ముక్కు మీద పడింది. ఎడమ కాలు పక్కకి జారింది. ఉషారాణి చెయ్యి చాపబోయి ఆపుకుంది. పిల్ల జారిన కాలుని లోపలికి లాక్కుంది. గోళ్ళతో తువ్వాలు పోగుల్ని పట్టుకుంది. ఒళ్ళంతా వణుకుతూ లేచింది. రెండు కాళ్ళ మీద, తిన్నగా నిలబడి, తల పైకెత్తి, నోరు తెరిచి అరిచింది.

"నిలబడిందండీ! సువార్తమ్మగారూ, నిలబడింది!" అని ఉషారాణి ఖాళీ కిటికీ వైపు తిరిగి చెప్పింది.

మణికట్టు మీద రెండో చుక్క వేసుకుంది. ఇంకా వేడే. ఆగింది. అరుపులు చెవులు చిల్లులు పడేలా ఉన్నా ఆగింది. మూడో చుక్క చల్లగా తగల్లేదు, సుర్రుమనలేదు. అప్పుడు, నిలబడి ఉన్న పిల్ల ముక్కుకి చెంచా ఆనించింది. అది తల ఊపుతూ మింగింది. తర్వాత మిగతా ఐదింటికీ పెట్టింది. ఒక్కొక్కదాని సంచి బుడగలా తేలగానే ఆపేసింది. గది సద్దుమణిగింది.

చెంచా కడిగి, కొంగుతో తుడిచి, మేకుకి తగిలించింది ఉషారాణి. కింద ఎవరో ఆమెని పిలుస్తున్నారు. ఐజాక్ వంచిన అంచుల మధ్య, గుడ్డ అందని మూల, ఒక నీటిబొట్టు ఇంకా ఆరలేదు.