సగం అర్థమైన అక్క

మిరప ఘాటు గొంతులోకి దిగుతోంది.

కల్లం నిండా ఎరుపు. పైన ఎండ. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. పక్కనే నేను. నా కుడి చెవిలో ఇయర్‌ఫోన్. అందులో ఎవరో ఆడమనిషి ఇటాలియన్‌లో మొగుణ్ణి తిడుతోంది.

ఆ తిట్టు నాకు అర్థమైంది.

ఏడాదిన్నర క్రితం ఒక్క ముక్క తెలిసేది కాదు. ఏడాదిన్నర క్రితం దాకా నాకు అక్క ఉందనే తెలియదు.

అమ్మ పేరు రమణమ్మ. మొదటి భర్త పోయినప్పుడు కడుపుతో ఉంది. పుట్టిన పిల్లని ఆసుపత్రిలోనే ఇచ్చేసింది. ఆ పిల్లని ఇటలీ దంపతులెవరో పెంచుకోడానికి తీసుకెళ్ళారట. తర్వాత అమ్మ మా నాన్నని చేసుకుంది. నేను పుట్టాను. కోటేశ్వరి అని పేరు పెట్టుకున్నారు.

ఆ పిల్ల పేరు ఇప్పుడు ఎలేనా. పాత కాగితాలు పట్టుకుని, దర్శి పక్కన మా ఊరు దాకా వెతికించింది. అప్పట్నుంచి నెలకోసారి వీడియో కాల్.

ఫోనులో అనువాదం యాప్ పెట్టి చూశాం. అమ్మ మాట దానికి ఎక్కలేదు.

అందుకని ఉదయ్ కుమార్ గారు. అద్దంకి ఆయన. ఇటలీలో ఆవుల డెయిరీలో పన్నెండేళ్ళు చేసి వచ్చారు. మా మంచం మీద కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు.

మొదటి రోజే నాకు అనుమానం.

ఫోనులో అక్క చాలాసేపు మాట్లాడింది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఆయన మా వైపు తిరిగి, "మీ ఊళ్ళో ఏం పంటలు పండుతాయని అడుగుతోందమ్మా" అన్నారు.

పంటల గురించి మేమైతే ఏడుస్తాం. ఆమెకేం పట్టింది?

ఆ వారమే ఇటాలియన్ సినిమాలు చూడటం మొదలుపెట్టాను.

ముందు ఇంగ్లీషు అక్షరాలు కింద పెట్టుకుని. తర్వాత ఇటాలియన్ అక్షరాలు. తర్వాత ఏమీ లేకుండా. ఒక్కో సీను పది సార్లు. వంటిళ్ళలో గొడవలు. బాల్కనీల్లోంచి పిల్లల్ని కేకేసే తల్లులు. వేళ్ళతోనే సగం మాట చెప్పే మనుషులు.

గ్వార్దా — చూడు.

పెర్కే — ఎందుకు.

నిజం దాచేవాడు మాట ముందు ఎక్కువగా 'గ్వార్దా' అంటాడని కనిపెట్టాను. కాల్‌లో ఉదయ్ కుమార్ గారు ఎన్నిసార్లు అంటున్నారో వినేదాన్ని.

ఆయన్నే కాదు… అక్కనీ అనుమానించాను. ఇన్నేళ్ళకి ఎందుకొచ్చింది? ఏం కావాలి?

అమ్మనీ అనుమానించాను. నాకు ఇన్నేళ్ళు చెప్పని మనిషి, ఇప్పుడు చెప్పిందంతా నిజమేనా?

సగం వచ్చిన భాష చాలా చెడ్డది. రానప్పుడు నిద్ర పట్టేది.

ఇవాళ మధ్యాహ్నం కల్లం నుంచి ఇంటికొచ్చాక మళ్ళీ కాల్. నేను ఫోను పట్టుకుని మంచం కోడు దగ్గర కూర్చున్నాను. అక్క మాట్లాడుతోంది — నెమ్మదిగా మొదలై, వేగంగా. వేగం పెరిగాక మాటలు జారిపోయాయి. ఒక్కటి మాత్రం జారలేదు.

పెర్కే.

మూడు సార్లు.

"మీ ఆరోగ్యం జాగ్రత్త అంటోందమ్మా" అన్నారు ఉదయ్ కుమార్ గారు.

"పెర్కే అంటే ఎందుకు అని కదండీ?"

ఆయన ముఖంలో రంగు మారింది. "నీకెట్లా తెలుసమ్మాయ్?"

"సినిమాలు చూసి."

ఆయన నా వైపు వంగి, అమ్మకి వినపడకుండా గొంతు తగ్గించారు. "మొదటి రోజు నుంచీ అదే అడుగుతోంది. నన్నెందుకు ఇచ్చేసింది, చెల్లెల్నెందుకు ఉంచుకుంది అని. మీ అమ్మ మొహం చూస్తే నాకు నోరు రాలేదు."

"అమ్మ మాటలు కూడా మార్చి చెప్పారా?"

నేనూ గుసగుసగానే అడిగాను. ఆయన ఫోను వైపు తిరిగారు.

అమ్మ నా వైపే చూస్తోంది. చెప్పకుండా ఉండొచ్చు. ఆయన ఏడాదిన్నర ఉన్నట్టే… నేనూ ఉండొచ్చు.

అక్క అడిగింది అమ్మకి చెప్పాను.

అమ్మ ఏడవలేదు. ఘాటు అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు పుట్టినప్పుడు ఇంట్లో నాకు మనిషున్నాడు. అది పుట్టినప్పుడు నేనొక్కదాన్ని. నాకు పాలు రాలేదు. నా దగ్గరుంటే చచ్చిపోయేది. ఈ మాట చెప్పవే."

ఉంటే. చచ్చిపోయేది.

మనకి రెండు మాటలు. వాళ్ళకి అదొక పెద్ద వ్యాకరణం. నాకింకా పట్టుబడలేదు. వంటింటి గొడవల్లో మామూలు మనుషులు అనేటట్టే అన్నాను —

"సే రెస్తావి కోన్ మే… మొరీవి."

నా దగ్గరుంటే చచ్చిపోయేదానివి, అని. అమ్మ గొంతు నేనే అయి.

ఉదయ్ కుమార్ గారు దిద్దబోయి ఆగిపోయారు.

ఫోనులో అక్క కదల్లేదు. బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు. రెప్ప వేసింది.

"రిపేతి" అంది.

మళ్ళీ చెప్పు.

నా భాష తప్పయి అడిగిందా? మాట నమ్మక అడిగిందా?

"ఏమంటోందే?" అంది అమ్మ.

"మళ్ళీ చెప్పమంటోంది."

అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. తన ముఖానికి ఎదురుగా పట్టుకుంది. తెలుగులోనే మొదలుపెట్టింది.

"మీ నాన్న పోయిన ఆ ఏడు పత్తికి పురుగు పట్టింది తల్లీ…"